పెంకుల బడి మార్తమ్మ

కొత్తరేవు
14 జూన్ 2023

మిరియం,

మొన్న ఆదివారమే ఫోనులో గంటసేపు మాట్లాడుకున్నాం కదా, మళ్ళీ ఈ కాగితం ఎందుకని నవ్వుకుంటావేమో. ఫోనులో నువ్వు కనిపిస్తున్నంతసేపూ పాప నా భుజం మీద గడ్డం ఆనించి వింటూనే ఉంటుంది. మెసేజి పెడదామంటే ఫోను దాని చేతిలోనే ఉంటుంది, కూడబలుక్కుని అన్నీ చదివేస్తోంది. పెద్దవాళ్ళ మాటలు కొన్ని నీతో చెప్పుకోవాలి. అందుకే బడి వదిలాక స్టాఫ్ రూములో కూర్చుని రాస్తున్నాను.

వచ్చే ఏడాదితో మన బడికి నూట యాభై ఏళ్ళు. కొత్త హాలు కడుతున్నారు. దానికి మార్తమ్మ పేరు పెట్టమని నేను కమిటీలో అడిగాను. అవ్వ చెప్పిన కథ నీకు సగమే గుర్తుంటుంది, అప్పటికి నువ్వు చిన్నదానివి. అవ్వకు అమ్మ దీనమ్మ. ఆ దీనమ్మను కన్నతల్లి మార్తమ్మ. మన పల్లెలో మొదట చదువుకున్న ఆడమనిషి. పద్దెనిమిదేళ్ళకే పశువుల కొట్టంలో ఆడపిల్లల్ని కూర్చోబెట్టి అక్షరాలు దిద్దించింది. పల్లె పిల్లలకు చదువేమిటని ఊళ్ళోవాళ్ళు రెండుసార్లు ఆ కొట్టానికి నిప్పు పెట్టారట. రెండుసార్లూ మళ్ళీ కప్పు వేసుకుంది. మూడోసారి తుఫాను వచ్చి కప్పు మొత్తం ఎగరేసుకుపోయింది. అప్పుడే మన మిషన్ నడిపే లోమన్ దొర భార్యకు జబ్బు చేసి వాళ్ళ జర్మనీ దేశానికి ప్రయాణం కట్టారు. పాలు తాగే బిడ్డను చూసుకోవడానికి మనిషి కావాలి. "ఒక్క ఏడాది మాతో రా, తిరిగొచ్చాక నీ బడికి పెంకులు వేయిస్తాను" అన్నాడట దొర. మార్తమ్మ మొగుడు అంతకుముందే కలరాతో పోయాడు. ఆరేళ్ళ దీనమ్మను ఆడబిడ్డకు అప్పజెప్పి, కాలువ రేవులో పడవెక్కి మద్రాసు పోయింది. అక్కడ్నుంచి ఓడ.

దొర అక్కడ్నుంచే డబ్బు పంపితే పెంకులు వచ్చాయి, బడి లేచింది. ఆమె మాత్రం రాలేదు.

కమిటీలో ట్రెజరర్ జగన్మోహన్ ఏమన్నాడో తెలుసా? "బిడ్డను వదిలిపెట్టి తెల్లోళ్ళ పిల్లల్ని సాకను పోయిన మనిషి పేరు బడికి ఎట్టా పెడతాం మేడమ్? సుఖం మరిగి అక్కడే ఉండిపోయుంటాది" అన్నాడు. నలుగురూ తలూపారు. నాకు ఒళ్ళు మండిపోయింది, కానీ చెప్పడానికి నా దగ్గర ఏముంది? ఆమె ఎందుకు రాలేదో మనకే తెలియదు.

నువ్వు ఆ దేశంలోనే ఉన్నావు. మన ప్రార్థన గుడిలో దొర రాతిపలక మీద ఆయన పుట్టిన ఊరి పేరు ఉంది, ఫోటో పంపిస్తాను. వీలు చూసుకుని ఒకసారి కనుక్కో. కనీసం సమాధి ఎక్కడుందో తెలిసినా చాలు.

పాపకు ముందు పన్ను ఊడింది. ఇంటి కప్పు మీదికి విసరమంటే విసరలేదు, నీకు చూపించాలని డబ్బాలో దాచుకుంది.

నీ అక్క,
ఏసుకుమారి


ఇంగోల్‌స్టాట్
9 జులై 2023

అక్కా,

డ్యూటీ నుంచి వచ్చేసరికి పోస్టు డబ్బాలో నీ ఉత్తరం ఉంది. నీ చేతిరాత చూసి మెట్ల మీదే కూర్చుని చదివాను. చదివాక లేవబుద్ధి కాలేదు.

"బిడ్డను వదిలిపెట్టి తెల్లోళ్ళ పిల్లల్ని సాకను పోయిన మనిషి." ఈ మాట జగన్మోహన్ గారు అన్నదే అయినా, నా దాకా మోసుకొచ్చింది నువ్వు. నేను చేసే పనేమిటో నీకు తెలియదా అక్కా? పిల్లల వార్డులో నర్సును. పొద్దున లేస్తే వీళ్ళ పిల్లలకు పాలు పట్టడం, జ్వరం చూడటం, తల్లులు ఇళ్ళకు పోయాక ఏడ్చేవాళ్ళను ఎత్తుకుని తిరగడం. నా పిల్ల నాకోసం పన్ను దాచుకున్న సంగతి నెల తర్వాత ఉత్తరంలో చదువుకోవడం. ఇదంతా నాకు గుర్తు చేయాలనే రాశావా?

నేను సుఖం మరిగి ఇక్కడికి రాలేదు. సుందర్‌రాజ్‌ను నాయుడుపేట హైవే మీద లారీ కొట్టేశాక ఆ అత్తింట్లో నేనెలా బతికానో నువ్వు చూశావు. మూడేళ్ళ పిల్లను నీ ఒళ్ళో పెట్టి బస్సెక్కిన రోజు నువ్వే అన్నావు, "నువ్వు పో, నేనుండాను" అని. ఏడాదిలో పాపను తీసుకెళ్తానన్నాను. జర్మన్ పరీక్షకు ఏడాది పట్టింది. నా డిగ్రీ ఇక్కడ చెల్లుతుందని కాగితం రావడానికి ఇంకో ఏడాది. తర్వాత ఇల్లు. హాస్పిటల్ వాళ్ళ హాస్టల్ గదిలో పిల్లను ఉంచుకోనివ్వరు. రెండు గదుల వోనుంగ్ కోసం ఎన్ని ఇళ్ళు చూశానో. వెళ్ళిన ప్రతిచోటా నాకు ముందే పదిమంది వరసలో నిలబడి ఉండేవాళ్ళు.

ఇప్పుడు దొరికింది అక్కా. రెండు గదులు, చిన్న బాల్కనీ. బడి నడిచిపోయేంత దూరం. వచ్చే వారం ఆన్‌మెల్డుంగ్, అంటే ఈ అడ్రసు ఆఫీసులో రాయించడం. తర్వాత చెన్నైలో పాప వీసాకు టెర్మిన్‌కు, అదే ఇంటర్వ్యూ తేదీకి, పెడతాను. ఈ మాట ఫోనులో దానికి నేనే చెప్పాలనుకుంటున్నాను, నువ్వు ముందే చెప్పొద్దు.

మార్తమ్మ గురించి కనుక్కుంటాను. నీ కమిటీ కోసం కాదు, నా కోసమే. ఆ ఊరు ఇక్కడికి చాలా ఉత్తరాన, హాంబుర్గ్ దారిలో ఉంది. అక్కడి చర్చి ఆఫీసుకు ఫోన్ చేస్తాను.

మిరియం


కొత్తరేవు
6 ఆగస్టు 2023

మిరియం,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. నిన్ను ఒక్క మాట అనాలని నాకు లేదమ్మా. ఎవరో అన్న మాట నీకు చెప్పుకుని ఏడ్చాను, అంతే. అది నీకే తగులుతుందని తట్టకపోవడం నా తెలివితక్కువతనం.

ఆ మాట నన్నెందుకు అంత కుదిపిందో చెబుతాను. నేను అవ్వ పక్కలో పడుకునేదాన్ని. దీనమ్మ సంగతులన్నీ అవ్వ నాకే చెప్పింది. తల్లి పోయిన కొత్తలో దీనమ్మ రోజూ కాలువ రేవుకు పోయి కూర్చునేదట. ఉప్పు పడవలు, కట్టెల పడవలు ఏవి వచ్చినా ఎదురెళ్ళి, "మాయమ్మ వచ్చిందా?" అని సరంగుల్ని అడిగేదట. వాళ్ళు మొదట్లో "రేపొస్తాదిలే పాపా" అనేవాళ్ళు. తర్వాత తర్వాత దూరం నుంచే "లేదు లేదు" అని చేతులూపేవాళ్ళు. మేనత్త తిండి పెట్టింది, గుడ్డ ఇచ్చింది, కొట్టలేదు. కానీ దగ్గరకు తీసుకున్న మనిషి కాదు. దీనమ్మ పెరిగి పెద్దదై, ఆరుగురిని కని, ముసలిదయ్యాక కూడా ఇంట్లో ఎవరూ గడప దాటుతూ "పోయొస్తా" అనకూడదు. "పోతుండానని చెప్పు, వస్తానని చెప్పబాక" అని అరిచేదట. ఆ మనిషి కడుపున పుట్టినవాళ్ళం మనం.

పాప వీసా సంగతి దానికి చెప్పలేదు, నువ్వే చెప్పు. కానీ నా మాట కొంచెం విను. ఇప్పుడు రెండో తరగతి, తెలుగు రాత ఇప్పుడిప్పుడే కుదురుతోంది. మొన్న జ్వరం వచ్చి వారం పడుకుంది, ఒళ్ళు ఇంకా తేరుకోలేదు. అక్కడ చలి. భాష రాదు. నువ్వు డ్యూటీకి పోతే పిల్ల ఎవరి దగ్గరుంటుంది? తొందరపడకు. ఈ తరగతి కానిచ్చి వచ్చే ఏడాది చూద్దాం. ఇన్నాళ్ళు ఆగాం, ఇంకొక్క ఏడాదికి ఏమవుతుంది?

బడి వెనక మునగచెట్టు గాలికి విరిగింది. పిల్లలకు సాంబారులోకి కాయలు లేవు.

నీ అక్క


ఇంగోల్‌స్టాట్
15 అక్టోబర్ 2023

అక్కా,

వెళ్ళొచ్చాను. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు, జరిగింది జరిగినట్టు రాస్తాను.

హనోవర్ దాకా పెద్ద రైలు, అక్కడ్నుంచి చిన్న రైలు, తర్వాత శనివారాల్లో ఎప్పుడో కాని రాని బస్సు. చుట్టూ ఇసుక నేల, గోధుమరంగు పొదలు, దేవదారు చెట్లు. ఎర్ర ఇటుకల ఇళ్ళు. చర్చి ఆఫీసావిడ ముందే ఒక ఇంటికి చెప్పి పెట్టింది. ఇల్జ అని ఎనభై ఆరేళ్ళ ముసలావిడ. లోమన్ దొరకు మునిమనవరాలు. మార్తమ్మ పాలు పట్టి పెంచిన పసిబిడ్డ పేరు డొరోథియా. ఆమె ఈ ఇల్జకు అవ్వ.

గుమ్మంలో నన్ను చూసి ఇల్జ చాలాసేపు నా చేయి వదల్లేదు. కాఫీ ఇచ్చింది, వెన్న రాసి కాల్చిన కేకు పెట్టింది. "మా ఇంట్లో మార్థా అంటే దేవుడి తర్వాత మనిషి" అంది. నాకు కోపం రావాలో, ఏడుపు రావాలో తెలియలేదు.

మేం మాట్లాడుతుండగా ఆవిడ మునిమనవడు వాకిట్లో సైకిలు మీద నుంచి పడ్డాడు. మోకాలు గీరుకుపోయి ఏడుస్తూ లోపలికొచ్చాడు. ఇల్జ వాడిని దగ్గరకు లాక్కుని మోకాలు నిమురుతూ, "ఐయోతాలి, ఐయోతాలి" అంది.

నా చేతిలో కప్పు ఉంది అక్కా. కింద పెట్టేశాను. "ఏమన్నారు?" అని అడిగాను.

"ఓ, అదా? మా ఇంటి మాట. పిల్లలు పడితే అంటాం. మా అమ్మ అనేది, అవ్వ అనేది. ఊళ్ళో ఇంకెవరూ అనరు. దానికి అర్థమేమిటో మాకు తెలియదు" అంది.

అయ్యో తల్లీ. నేను అర్థం చెబితే ఆవిడ ఆ మాటను మళ్ళీ ఒకసారి మెల్లగా పలికి చూసుకుంది. నూట ముప్పై ఏళ్ళకు పైగా ఆ ఇంట్లో పిల్ల పడ్డప్పుడల్లా మన మార్తమ్మ మాటే పలుకుతోంది.

తర్వాత అసలు సంగతి చెప్పింది. మార్తమ్మ ఉండిపోవాలని ఉండిపోలేదు. ఏడాది కాగానే అడిగింది. మంచు కరిగి ఓడలు బయల్దేరే కాలం వచ్చిందంటే దొర గదిముందు నిలబడి, "నా బిడ్డ" అనేదట. జర్మన్‌లో ఆమె మొదట నేర్చుకున్న మాటల్లో అదొకటి. దొర భార్య మంచం దిగలేదు, అందుకని వచ్చే వసంతం అన్నాడు. ఆ వసంతానికి డొరోథియాకు కోరింతదగ్గు. మళ్ళీ వచ్చే వసంతం. ఒక ఏడు నిజంగానే పంపడానికి సిద్ధమయ్యారు, పెట్టె కూడా కట్టారు. డొరోథియాకు అప్పటికి ఆరేళ్ళు. మార్తమ్మ చీర కుచ్చిళ్ళు రెండు చేతులా పట్టుకుని వదలకుండా ఏడ్చిందట. మూర్ఛపోయేదాకా ఏడ్చింది. దొర పెట్టె దింపించేశాడు. ఆ చలికాలమే మార్తమ్మకు ఊపిరితిత్తుల జబ్బు చేసింది. వసంతం దాకా బతకలేదు.

డొరోథియా ముసలిదై చనిపోబోయే ముందు ఇల్జతో అందట: "ఆ రోజు నేను ఏడవకపోతే ఆమె తన బిడ్డ దగ్గరకు వెళ్ళిపోయేది."

సమాధి చూపించమన్నాను. చర్చి వెనక పచ్చిక దగ్గర ఆగి "ఇక్కడే ఎక్కడో" అంది. సమాధి ఇప్పుడు లేదు అక్కా, తీసేశారు. ఆ పచ్చిక మీద మోకరించి ప్రార్థన చేసుకుని వచ్చాను.

ఆమె దీనమ్మను వదిలేయలేదు. ఏటేటా అడిగింది. నీ కమిటీకి ఈ మాట గట్టిగా చెప్పు. దీనమ్మకు చెప్పలేకపోయామే అని దారంతా ఏడ్చాను.

ఇంకో మంచి కబురు. పాప వీసాకు నవంబర్‌లో చెన్నై టెర్మిన్ దొరికింది. కావలసిన కాగితాలన్నీ కొరియర్ చేశాను. నువ్వు తీసుకెళ్ళాలి. క్రిస్మస్‌కు నేనొస్తాను, జనవరిలో ఇద్దరం కలిసి వచ్చేస్తాం.

నీ మిరియం


కొత్తరేవు
12 నవంబర్ 2023

మిరియం,

చెన్నై పోయి వచ్చాం. పాప వేలిముద్రలు తీసుకున్నారు. వాళ్ళు అడిగినవన్నీ ఇచ్చాను. నీకు తెలిసే ఉంటుంది.

నీ ఉత్తరం చదివి నువ్వు ఏడ్చినట్టు నేను ఏడవలేకపోయాను. నాకు కోపమే వచ్చింది. వాళ్ళ పిల్ల పడితే మా మార్తమ్మ "అయ్యో తల్లీ" అంది, సరే. కాలువ గట్టు మీద దీనమ్మ పడితే ఎవరన్నారు? ఆ మాట దీనమ్మ సొత్తు కాదా? నాలుగు తరాలు ఆ ఇంట్లో వాళ్ళు దాన్ని అనుభవించారు, అర్థం కూడా తెలియకుండా. మన అవ్వ ఎన్నడైనా మనల్ని "అయ్యో" అని దగ్గరకు తీసుకుందా? పడితే "లే, లేచి నడు" అనేది. దీనమ్మ ఆమెకు నేర్పింది అదే. నువ్వేమో ఆ ముసలావిడ పెట్టిన కేకు తిని సంతోషపడి వచ్చావు.

సమాధి తీసేయడమేమిటి? నల్లమనిషని తవ్వి పారేశారా? వాళ్ళ బిడ్డలకు ఊపిరి పోసిన మనిషికి ఆరడుగుల నేల కూడా ఉంచలేదా? దేవుడి తర్వాత మనిషట!

కమిటీలో చెప్పాను. లేచి నిలబడి, ఆమె ఏటేటా అడిగిందని చెప్పాను. జగన్మోహన్ అంతా విని, "అడిగితే ఏం మేడమ్, రాలేదు గదా" అన్నాడు. హాలుకు లోమన్ దొర పేరే పెట్టాలని తీర్మానం రాసుకున్నారు.

పాపకు నువ్వు ఫోనులో చెప్పిన రోజు నుంచి సరిగా తినడం లేదు. చెన్నైలో ఆఫీసు బయట నాతో అంది, "నేనెక్కడికీ రాను, ఆ అమ్మ ఫోనులోనే ఉండనీ" అని. నీకు చెప్పకూడదనుకున్నాను. కానీ నువ్వు వచ్చాక దాని మొహంలో చూసే బదులు ముందే తెలియడం మేలు.

నేను మళ్ళీ అడుగుతున్నాను. ఒక్క ఏడాది ఆగలేవా?

ఏసుకుమారి


ఇంగోల్‌స్టాట్
29 నవంబర్ 2023

అక్కా,

ఇది ముందొస్తుందో, నేను ముందొస్తానో తెలియదు. అయినా రాయకుండా ఉండలేకపోతున్నాను.

సమాధి సంగతి నువ్వు పొరబడ్డావు. ఇక్కడ ఎవరి సమాధీ ఎప్పటికీ ఉండదు. ఆ చోటు కొన్నేళ్ళకు ఇస్తారు, ఇంటివాళ్ళు గడువు పొడిగించుకుంటూ పోవాలి, మానేస్తే రాయి తీసేసి ఆ నేల ఇంకొకరికి ఇస్తారు. తెల్లవాళ్ళకూ అంతే. డొరోథియా బతికున్నన్నాళ్ళూ మార్తమ్మ రాయి నిలబెట్టింది. ఆమె పోయాక ఎవరూ పట్టించుకోలేదు. లోమన్ దొర రాయి కూడా లేదిప్పుడు. ఇది సరిగ్గా రాయకపోవడం నా తప్పు.

మిగతాది మాత్రం పొరపాటు అనుకోలేను. "ఆ అమ్మ ఫోనులోనే ఉండనీ" అని ఏడేళ్ళ పిల్ల దానంతట అదే అంటుందా? అక్కడ చలి, భాష రాదు, ఎవరుంటారు అని నాకు రాసినవన్నీ దాని ముందు కూడా అని ఉంటావు. నీకు పిల్లలు లేరని నాకు తెలుసు. దాన్ని కళ్ళలో పెట్టుకుని చూశావనీ తెలుసు. కానీ అది నా బిడ్డ.

వచ్చే ఏడాది, వచ్చే ఏడాది అని నువ్వు రాస్తుంటే నాకు లోమన్ దొర గొంతు వినిపించింది అక్కా.

ఇరవయ్యో తేదీ చెన్నైలో దిగుతాను.

మిరియం


కొత్తరేవు
21 జనవరి 2024

మిరియం,

క్షేమంగా చేరారని ఫోనులో విన్నాను. పాప పలకలేదు. పర్వాలేదు.

నువ్వు నవంబర్‌లో రాసిన ఉత్తరం నువ్వొచ్చిన మూడోనాడు అందింది. నువ్వు వంటింట్లో పాపకు దోసె పోస్తున్నావు. పోస్ట్‌మాన్ పుల్లయ్య గేటు దగ్గర నా చేతికిచ్చి, "జర్మనీ నుంచి అమ్మా" అన్నాడు. జర్మనీ మనిషి లోపలే ఉందని వాడికి తెలియదు. దొడ్లోకి పోయి చదివాను. చదివి లోపలికొచ్చి, నువ్వు పోసిన దోసె తిన్నాను. నీకేమీ చెప్పలేదు. ఆ మూడు వారాలూ నేను ముభావంగా ఉన్నానని నువ్వు అనుకున్నావు కదా, కారణం అదే. కోపం కాదు. ఆ మాట నిజమా అని నన్ను నేను అడుక్కుంటున్నాను.

పాప ముందు నీ గురించి ఎన్నడూ చెడుగా అనలేదు మిరియం. దేవుడి ముందు చెబుతున్నాను. రోజూ ప్రార్థనలో నీ పేరు ముందు చెప్పించాను. కానీ దాన్ని తీసుకుపోతావన్న ప్రతి రోజునూ ఇంకొంచెం దూరం తోస్తూ వచ్చాను. అంతవరకు నువ్వన్నది నిజం.

ఎయిర్‌పోర్టులో గేటు దగ్గర అది నా కొంగు పట్టుకుంది. నువ్వు సామాన్లు చూసుకుంటూ వెనక్కి తిరిగేసరికి అయిపోయింది, నువ్వు చూడలేదు. రెండు చేతులా పట్టుకుంది. అరవలేదు, ఏడవలేదు, ఊరికే పట్టుకుని నా మొహంలోకి చూసింది. ఒక్క క్షణం నాకు ఏమనిపించిందో రాయను. ఆ పిల్ల ఏడుపుకు దొర పెట్టె దింపించాడని నువ్వు రాశావే, అది తలకొచ్చింది. నా కళ్ళముందు దీనమ్మ కాలువ గట్టు మీద కూర్చుని ఉంది. ఎక్కడో సముద్రం అవతల తల్లి ఉన్న పిల్లను పట్టుకుని నిలబడ్డాను నేను. దాని వేళ్ళు నేనే ఒక్కొక్కటిగా విడదీశాను. విడదీసి నీ చేతిలో పెట్టి, "పద, ఆలస్యమవుతాది" అన్నాను. నీకు కటువుగా వినపడి ఉంటుంది.

తిరిగి వస్తుంటే సూళ్ళూరుపేట దాకా డ్రైవరు రేడియో పెట్టాడు. తర్వాత వాడే కట్టేశాడు.

పిల్లకు నువ్వుల ఉండలు సంచిలో అడుగున పెట్టాను. ఇవ్వు.

అక్క


ఇంగోల్‌స్టాట్
10 మార్చి 2024

అక్కా,

నీ ఉత్తరం వచ్చి చాలా రోజులైంది. అయిదారుసార్లు జవాబు మొదలుపెట్టి చించేశాను. దొర గొంతు అని రాసిన చేతిని ఏం చేసుకోవాలో తెలియడం లేదు. నన్ను క్షమించు అనడం కూడా చిన్నమాటగా ఉంది.

పాప సంగతి రాస్తాను, దాచకుండా.

తింటుంది, పడుకుంటుంది, బడికి పోతుంది. ఏమడిగినా "సరే" అంటుంది. అల్లరి చేయదు. నాకు అదే భయం. భాష రాని పిల్లల కోసం వేరే క్లాసు ఉంది, అందులో సిరియా పిల్ల ఒకతి పక్కన కూర్చుంటుందట. టీచర్‌కు జర్మన్‌లో చిన్నచిన్న మాటలు చెబుతోంది. ఇంట్లో మాత్రం నాతో తెలుగులో మాట్లాడదు. నేను తెలుగులో అడిగితే జర్మన్‌లో అవుననో కాదనో "యా", "నైన్" అంటుంది. నీతో మాట్లాడిన భాష నాతో మాట్లాడకూడదని పెట్టుకున్నట్టుంది. నన్ను ఏమని పిలవాలో తెలియక, అవసరమైతే నా దగ్గరకొచ్చి చొక్కా లాగుతుంది.

పోయిన వారం బస్‌స్టాప్‌లో మంచు మీద జారి పడింది. మోచేయి గట్టిగా తగిలింది. "అమ్మా" అని అరిచింది. వచ్చినప్పటి నుంచి ఆ మాట వినడం అదే మొదలు. నేను పరుగెత్తి ఎత్తుకున్నాను. "అయ్యో తల్లీ, అయ్యో తల్లీ" అంటూ నిమిరాను. అది నా మొహం చూసి ఇంకా గట్టిగా ఏడ్చింది. నన్ను తోసేసి చుట్టూ వెతికింది. ఎవరి కోసమో నాకు తెలుసు. ఆ "అమ్మా" నేను కాదు.

వార్డులో పిల్లలు నా చేతుల్లో నిమిషంలో ఊరుకుంటారు అక్కా. నా బిడ్డకు నా చేతులు ముళ్ళలా ఉన్నాయి.

ఒక మాట అడుగుతాను, ఆలోచించి చెప్పు. దీన్ని నీకు తెచ్చి ఇచ్చేయనా? ఇది కోపంతో అనడం లేదు. వేసవి సెలవుల్లో తీసుకొచ్చి వదిలిపెట్టి నేనొక్కదాన్నే తిరిగొస్తాను. దాని కళ్ళలోకి చూడలేకపోతున్నాను. నువ్వు ఊఁ అంటే టికెట్లు తీస్తాను.

నీ మిరియం


కొత్తరేవు
16 ఏప్రిల్ 2024

చిన్నీ,

ముందు బడి సంగతి. పోయిన నెల జగన్మోహన్ ఏదో సంతకానికని ఇంటికొచ్చాడు. నేను తలుపు తీసేసరికి చేతిలో పాప గౌను ఉంది, మడతపెడుతున్నాను. వాడు ఆ గౌను చూసి, "వాళ్ళమ్మ వచ్చి తీసుకుపోయిందా మేడమ్? రానిచ్చుంటే ఆ మార్తమ్మ కూడా వచ్చుండేదేమో" అని, సంతకం సంగతి మరిచిపోయి వెళ్ళిపోయాడు. తర్వాతి మీటింగులో వాడే లేచి హాలుకు మార్తమ్మ పేరు పెడదామన్నాడు. నేను దీనమ్మ పేరు కూడా రాయించమన్నాను. పోయినామె ఎంతో, ఉండిపోయినామె అంతే కదా. ఒప్పుకున్నారు. చెక్కే మనిషి వచ్చి రాయి చూసి పోయాడు. ఏడాది కిందట అయితే ఎగిరి గంతేసేదాన్ని. ఇప్పుడు ఊరికే తలూపాను.

నువ్వు అడిగినదానికి జవాబు రాయడం ఇది రెండోసారి.

మొదటిది నీ ఉత్తరం అందిన రోజే రాశాను. నాలుగే మాటలు. తీసుకురా, నేనుండాను అని. కవరు అంటించి హ్యాండ్‌బ్యాగులో పెట్టుకున్నాను. సోమవారం పోస్టు చేయాలి. మధ్యలో ఆదివారం వచ్చింది.

నీకు తెలియని సంగతి ఒకటుంది. పాప నన్ను పెద్దమ్మా అనడం ఎప్పుడో మానేసింది. నేను మాన్పించలేదు. చిన్న నోటికి "పెద్ద" బరువై, ఎప్పుడో జారిపోయింది. ఫోనులో నువ్వున్నప్పుడు మాత్రం అసలేమీ పిలిచేది కాదు. అంత చిన్న పిల్లకు ఆ జాగ్రత్త ఎవరు నేర్పారో నాకు తెలియదు. ఇద్దరికీ నొప్పి కలగకుండా చూసుకుంది. బస్‌స్టాప్‌లో అది ఎవరిని పిలిచిందో నీకు తెలిసిపోయింది కాబట్టి, ఇక దాచడం ఎందుకు?

మొన్న ఆదివారం ఫోను నువ్వు చేశావనుకున్నాను. తీస్తే పాప. వెనక నువ్వు లేవు. తెలుగులోనే మాట్లాడింది. ఏదో ఈత నేర్పుతున్నారట, నీళ్ళలో తల ముంచిందట, సిరియా పిల్ల భయపడితే చేయి పట్టుకుందట. గబగబా చెప్పింది. నేను ఊఁ ఊఁ అంటున్నాను. అంతలో లోపల్నుంచి నీ గొంతు వినిపించింది, "గీతికా, అన్నం చల్లారిపోతోంది" అని.

అది ఏమందో తెలుసా?

"పెద్దమ్మా, పోతుండా. అమ్మ పిలస్తాండాది."

ఫోను పెట్టేసింది.

అమ్మ అన్న ఆ మాట నీతో ఇంకా అని ఉండదు. అంటుంది. ఇంకెన్నాళ్ళకో చెప్పలేను, కానీ అంటుంది. దాని నోట్లో అది నీ పేరయిపోయింది, నేను విన్నాను. ఇప్పుడు నువ్వు దాన్ని విమానమెక్కించి నా దగ్గరకు తెస్తే, దానికి మూడో తల్లి లేదు మిరియం.

తీసుకురావద్దు.

కవరు చించి పొయ్యిలో వేశాను. సెలవులకు కూడా ఈ ఏడు రాకండి. ఆదివారం ఆదివారం ఫోను చేయించకు, అది అడిగితేనే చేయి. అడగకపోతే గుర్తు చేయకు. రాత్రి ఉలిక్కిపడి లేస్తే పక్కన కూర్చో, మాట్లాడించకు, వీపు మీద చేయి వేసి ఉంచు, అదే పడుకుంటుంది. నువ్వుల ఉండలు అయిపోయి ఉంటాయి. అలవాటు మాన్పించు, అక్కడ దొరకవు.

ఉత్తరాలు మాత్రం ఆపకు. నీకు కుదిరినప్పుడు రాయి. పాప ఎంత పొడుగైందో రాయి, ఎవరితో ఆడుకుంటోందో రాయి. దానికి చూపించొద్దు.

గంట కొట్టారు. మూడో తరగతికి పోవాలి.

ఏసుకుమారి పెద్దమ్మ